నొప్పి తెలియని పాదానికి కాపలా

హైదరాబాదులో మెహదీపట్నం దాటి పాత ముంబయి రోడ్డు మీద కొంత దూరం వెళితే టోలిచౌకి వస్తుంది. ఒకవైపు గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ రాజుల సమాధులు. మరోవైపు కొండ ఎక్కితే ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. మా సంఘానికి చెందిన కుటుంబం ఒకటి అక్కడ అద్దె ఇంట్లో ఉంటున్నది. ఆ ఇంటి యజమాని తండ్రి మెదక్ వైపు పల్లెలో సేద్యం చేసుకునే పెద్దాయన. వయసు డెబ్బై దాటింది. పదిహేనేళ్ళుగా షుగరు జబ్బు ఉన్నది. అయినా ఒక్క పూట ఖాళీగా కూర్చునే మనిషి కాదు.

ఆయన ఒకసారి కొడుకు ఇంటికి బస్సులో వచ్చాడు. గడప దాటి లోపలికి నడిచి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగుతున్నాడు. ఇల్లు తుడుస్తున్న కోడలికి నేల మీద వరుసగా ఎర్రని మరకలు కనిపించాయి.

"మామా, ఈ మరకలేంది? నీ కాలుకేమన్న తాకిందా?" అని అడిగింది.

"నా కాలుకేమైతది? ఏం కాలే" అన్నాడాయన.

ఆమె ఊరుకోలేదు. చెప్పు విప్పించి చూసింది. చెప్పు అడుగున దిగిన చిన్న మేకు లోపలికి పొడుచుకొని వచ్చి ఉన్నది. బొటనవేలి మొదట అరికాలిలో లోతైన పుండు. అది ఆ రోజు గాయం కాదు, కనీసం రెండు మూడు రోజులదని డాక్టరు చెప్పారు. అన్ని రోజులూ ఆయన పొలానికి తిరిగాడు, సంతకు వెళ్ళాడు, ఆదివారం ఆరాధనకూ నడిచి వచ్చాడు. నేనే తలుపు దగ్గర నిలబడి ఆయన చేయి పట్టుకొని పలకరించాను. ముఖం చూశాను గాని పాదం చూడలేదు.

తరువాత ఆసుపత్రిలో చేరడం, బొటనవేలు తీసివేయడం జరిగాయి. నేను పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన అన్న మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

"నొప్పి లేదు గద అయ్యగారూ! నొప్పి లేనిది పుండని ఎట్ల అనుకోవాలె?"

ఆ ఇంటి వెనుక కొండ మీద ఫిల్మ్‌నగర్‌లో గాయం లేకుండానే నొప్పిని నటించేవారు ఎందరో ఉన్నారు. కొండ కింద ఈ ఇంట్లో నిజమైన గాయమే ఉన్నది, నొప్పి మాత్రం లేదు. ఈ రెండవదే ప్రమాదకరమైన సంగతి.

ఇంజనీరింగు చదువుతున్న మనుమడు పక్కనే కూర్చుని ఉన్నాడు. "తాతా, ఇప్పుడు మెత్తటి ప్రెషర్ సెన్సార్లు వచ్చినయి. చెప్పులో పెడితే కాలు మీద ఒత్తిడి ఎక్కడ ఎక్కువైతున్నదో చేతి గడియారానికి చెప్తయి" అన్నాడు. పెద్దాయన మనుమడి వైపు చూసి నవ్వి, నా వైపు తిరిగి, "నొప్పి చెప్పినప్పుడే విననోన్ని, గడియారం చెప్తే వింటనా అయ్యగారూ?" అన్నాడు.

ప్రియ పాఠకులారా, ఆ కుర్రవాడు చెప్పినదీ నిజమే, పెద్దాయన అడిగినదీ సరైన ప్రశ్నే. ఈ రెండూ తెలుసుకోదగిన విషయాలని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నొప్పి ఎక్కడికి పోయింది?

మన చర్మం నిండా నరాల కొనలు ఉన్నాయి. మెత్తని స్పర్శను పసిగట్టేవి కొన్ని, గట్టి ఒత్తిడిని పసిగట్టేవి కొన్ని, వేడినీ చలినీ తెలిపేవి కొన్ని. నరకణం పొరలో ఉండే కొన్ని ప్రోటీన్లు, ఒత్తిడి తగలగానే చిన్న తలుపుల్లా తెరుచుకుంటాయి. అప్పుడు పుట్టే సన్నని విద్యుత్తు కబురై నరం వెంట మెదడుకు చేరుతుంది. ఈ తలుపులను 2010లో కనిపెట్టినందుకు ఆర్డెమ్ పటపూటియన్ అనే శాస్త్రవేత్తకు, వేడినీ మంటనూ తెలిపే మార్గాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌తో కలిపి, 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ ప్రోటీన్లకు పెట్టిన పేరు పియెజో. గ్రీకు భాషలో నొక్కడం అనే అర్థమిచ్చే మాట నుండి వచ్చింది. ఈ మాట గుర్తుంచుకోండి, మన వంటింట్లో మళ్ళీ ఎదురవుతుంది.

షుగరు చాలా ఏళ్ళు అదుపు తప్పి ఉంటే ఈ నరాలు దెబ్బతింటాయి. శరీరంలో అన్నిటికంటె పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవి. అందుకే నష్టం ముందుగా కాలివేళ్ళలో మొదలవుతుంది. మొదట తిమ్మిరి, మంట, దూది మీద నడుస్తున్నట్లు ఉండడం. కొన్నాళ్ళకు అవి కూడ తగ్గుతాయి. "మంటలు తగ్గినయి, జబ్బు నయమైంది" అని సంతోషించేవారిని నేను చూశాను. తగ్గినది మంట కాదు, మంటను తెలిపే నరమే మూగబోయింది. దానికి తోడు రక్తనాళాలు సన్నబడి పుండు మానడం ఆలస్యమవుతుంది.

ఇది ఎక్కడో కొందరికి వచ్చే కష్టం కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో షుగరు జబ్బు ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. మన ప్రతి గ్రామంలోనూ, ప్రతి సంఘంలోనూ ఇటువంటి పాదాలు ఉన్నాయని దీని అర్థం. మీకు దాపరికం ఎందుకు, ఈ రాస్తున్నవాని పాదాలు కూడ ఆ లెక్కలోనివే.

కుష్ఠురోగుల నుండి నేర్చిన పాఠం

నొప్పి పోయిన పాదం గురించి లోకానికి ఎక్కువగా నేర్పినవారు షుగరు రోగులు కారు, కుష్ఠురోగులు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనెరీలు జార్జి కెర్ దొరగారు, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి ప్రారంభించిన సంగతి మన పెద్దలు చెప్పుకుంటారు. ఆ రోజుల్లో అందరి నమ్మకం ఒక్కటే: ఈ జబ్బు వస్తే మాంసం కుళ్ళి, వేళ్ళు వాటంతట అవే రాలిపోతాయని.

అది నిజం కాదని చూపించినవారిలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో, మిషనెరీ తలిదండ్రులకు పుట్టాడు. ఇంగ్లండులో వైద్యం చదివి 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. ఒక రోజు తుప్పు పట్టిన తాళం ఆయనకు తెరుచుకోలేదు. కుష్ఠు జబ్బు ఉన్న ఒక కుర్రవాడు వచ్చి చటుక్కున తిప్పేశాడు. ఇంత బలం ఎక్కడిదని డాక్టరు అతని చేయి పట్టుకొని చూస్తే, తాళంచెవి వేలిని కోసి ఎముక దాకా దిగి ఉన్నది. కుర్రవానికి తెలియనే తెలియదు!

డాక్టరుకు విషయం అర్థమైంది. ఆ కుర్రవానికి బలం ఎక్కువ కాదు. ఇక చాలని చెప్పే నొప్పి లేదు, అంతే. మరికొందరికి రాత్రి పడుకున్నప్పుడు వేళ్ళు మాయమవుతుంటే కాపలా కాసి చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి! నిద్రపోతున్న మనిషికి మెలకువ రాలేదు. అప్పటినుండి రోగులకు పిల్లులను ఇచ్చి పంపేవారట. జబ్బు చేసేది నరాన్ని చంపడం. ఆ తరువాత వేళ్ళనూ పాదాలనూ పోగొట్టేవి కాలిన గిన్నెలు, చెప్పులో రాళ్ళు, ఒకే చోట పదే పదే పడే ఒత్తిడి.

ఒత్తిడి అంటే ఏమిటో పల్లెలో ఎవరికీ చెప్పనక్కర లేదు. నీళ్ళ బిందె తలకెత్తుకునే ముందు కింద చుట్టకుదురు పెట్టుకుంటాము. బిందె బరువు తగ్గిందా? లేదు. ఆ బరువు ఒక్క చోట కాక నలువైపులా పరుచుకున్నది. పాదానికి కూడ ఇటువంటి చుట్టకుదురు కావాలని వేలూరు, కరిగిరి వైద్యులు మెత్తని రబ్బరు చెప్పులు తయారు చేయించారు. ఎమ్‌.సి.ఆర్. చెప్పులని వాటికి పేరు. ఈనాటికీ కుష్ఠు నివారణ పథకంలో వాటిని ఉచితంగా పంచుతున్నారు. స్పర్శ తగ్గిన షుగరు రోగులకు కూడ డాక్టర్లు వాటిని సూచిస్తారు.

నొప్పిని తయారు చేయబోయిన డాక్టరు

1966లో బ్రాండ్ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ ఆయనకు పెద్ద ఆలోచన వచ్చింది. రోగికి పోయిన నొప్పిని యంత్రంతో తిరిగి ఇవ్వలేమా? మొదట ఒక మేజోడు తయారు చేశారు. దానిలో రంగు నింపిన అతి చిన్న గుళికలు ఉండేవి. ఒత్తిడి ఎక్కువైన చోట గుళికలు పగిలి మేజోడు రంగు మారేది. ఏ చోట ప్రమాదమో కంటికి కనిపించేది. ఈ పనిని గురించి ఆయన, ఎబ్నర్ అనే సహచరుడు 1969లోనే వైద్య పత్రికలో రాశారు.

తరువాత ఇంజనీర్లను కలుపుకొని చేతితొడుగుల్లో, చెప్పుల్లో ఒత్తిడిని కొలిచే పరికరాలు అమర్చారు. ఒత్తిడి హద్దు దాటగానే చెవిలో బుయ్యిమని శబ్దం వచ్చేటట్లు చేశారు. రోగులు పట్టించుకోలేదు. దీపం వెలిగేటట్లు చేశారు. అదీ పట్టించుకోలేదు. చివరికి స్పర్శ మిగిలి ఉన్న చంకలో చిన్న విద్యుత్తు షాకు తగిలేటట్లు చేశారు. అప్పుడు ఏమైందో తెలుసా? గట్టిగా నొక్కవలసిన పని వచ్చినప్పుడు రోగులు మీట కట్టేసి, పని చేసుకొని, మళ్ళీ మీట వేసుకునేవారు!

పరికరాలు ఖరీదైనవి, త్వరగా పాడయ్యేవి కూడ. కొన్నేళ్ళ శ్రమ తరువాత ఆ ప్రయత్నం మానుకున్నారు. ఫిలిప్ యాన్సీతో కలిసి 1993లో వెలువరించిన పుస్తకంలో బ్రాండ్ ఈ ఓటమిని దాచకుండ రాశాడు. నిజమైన నొప్పికి మీట లేదు, మన చేతిలో లేదు గనుకనే అది మనలను కాపాడుతున్నదని ఆయన గ్రహించాడు. 2003లో ఆయన కన్నుమూశాడు.

టోలిచౌకి పెద్దాయన ఈ పుస్తకం చదవలేదు. అయినా ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇదే గదా!

రేకులాంటి సెన్సార్ ఎలా పనిచేస్తుంది?

బ్రాండ్ కాలానికీ ఇప్పటికీ పరికరాలు చాలా మారాయి. ఆ రోజుల్లో ఒత్తిడిని కొలిచేవి లోహంతో చేసిన గట్టి బిళ్ళలు. గట్టి బిళ్ళను చెప్పులో పెడితే అదే ఒక గులకరాయి అవుతుంది. పుండు రాకుండ చూడవలసినదే పుండు చేస్తుంది. అందుకే చర్మంలాగ వంగేది, సాగేది, పలుచనిది కావలసి వచ్చింది. ఇటువంటి వంగే సెన్సార్లను ముఖ్యంగా మూడు విధాలుగా చేస్తారు.

మొదటి విధం: మెత్తని రబ్బరులో గాని స్పాంజిలో గాని బొగ్గుకు సంబంధించిన సన్నని పొడి కలుపుతారు. నొక్కనప్పుడు పొడి రేణువులు ఎడమెడంగా ఉంటాయి గనుక విద్యుత్తు సరిగా పారదు. నొక్కినప్పుడు రేణువులు దగ్గరై విద్యుత్తు సులువుగా పారుతుంది. ఎంత పారిందో కొలిస్తే ఎంత నొక్కామో తెలుస్తుంది. వెనుకటి పోస్టాఫీసుల్లో నల్లని టెలిఫోను ఉండేది గదా, దాని మాట్లాడే భాగంలో కూడ బొగ్గు రేణువులే. మన గొంతు తాకిడికి అవి దగ్గరగా, దూరంగా జరిగి మాటను విద్యుత్తుగా మార్చేవి. ఆ సూత్రమే ఇప్పుడు చెప్పులోకి వచ్చింది.

రెండవ విధం: విద్యుత్తు పారే రెండు పలుచని పొరల మధ్య మెత్తని రబ్బరు పొర ఉంచుతారు. నొక్కితే పై పొర, కింది పొర దగ్గరవుతాయి. అప్పుడు వాటిలో నిలువ ఉండగల విద్యుత్తు పెరుగుతుంది. ఆ తేడాను కొలుస్తారు.

మూడవ విధం మన వంటింట్లోనే ఉన్నది. గ్యాసు పొయ్యి వెలిగించే లైటరు టక్కున నొక్కితే నిప్పురవ్వ వస్తుంది. దానిలో బ్యాటరీ లేదు. లోపలి చిన్న బిళ్ళ మీద సుత్తివంటిది కొట్టగానే ఆ బిళ్ళలోనే విద్యుత్తు పుడుతుంది. నొక్కితే విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్సు దేశస్థులైన క్యూరీ సోదరులు కనిపెట్టారు. దీని పేరులోనే మళ్ళీ ఆ పియెజో అనే మాట ఉన్నది. 1969లో జపాను శాస్త్రవేత్త కవాయి ఒక రకం ప్లాస్టిక్ రేకుకు కూడ ఈ గుణం బలంగా ఉందని చూపించాడు. అప్పటినుండి వంగే సెన్సార్లకు దారి తెరుచుకున్నది. అయితే ఇది తట్టినప్పుడు, కదిలినప్పుడు బాగా చెబుతుంది గాని కదలకుండ మోపిన బరువును సరిగా చెప్పలేదు. పాదానికి రెండూ తెలియాలి గనుక చెప్పుల్లో ఎక్కువగా మొదటి రెండు విధాలు వాడతారు.

2004లో టోక్యోలో తకావో సోమెయా బృందం వంగే ప్లాస్టిక్ మీద సెన్సార్లను వరుసలుగా పేర్చి కృత్రిమ చర్మం వంటి దానిని చూపించింది. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెనాన్ బావో బృందం రబ్బరు పొర మీద కంటికి కనిపించనంత చిన్న గోపురాలు తీర్చి, 20 మిల్లీగ్రాముల ఈగ వాలినా గుర్తించే సెన్సారును తయారు చేసింది.

దూరదేశాల సంగతే కాదు. టోలిచౌకి నుండి అదే పాత ముంబయి రోడ్డు పట్టుకొని గచ్చిబౌలి, లింగంపల్లి, పటాన్‌చెరువు దాటి పోతే సంగారెడ్డి దగ్గర కంది గ్రామంలో హైదరాబాదు ఐఐటీ ఉన్నది. 2008లో ప్రారంభమైన ఆ సంస్థలో సుష్మీ బధూలిక, పరీక్షిత్ సహాతియా అనే పరిశోధకులు 2017లో ఒక పని ప్రచురించారు. బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరునే ఆధారంగా తీసుకొని, దాని మీద వెంట్రుకకంటె ఎన్నో వేల రెట్లు సన్నని బొగ్గు నాళాలను పట్టించి, ఒత్తిడిని తెలిపే చర్మం వంటి పరికరాన్ని తయారు చేశారు. చవకైన వస్తువులతో చేయవచ్చునని చూపడమే దానిలో విశేషం. మన పల్లెలకు చేరవలసినది ఏదైనా ముందు చవకగా ఉండాలి గదా!

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. బజారులో దొరికే చేతి గడియారాలు నాడిని చాలవరకు ఒత్తిడితో కాదు, చర్మం మీద పచ్చని వెలుగు వేసి చూస్తాయి. అవి పాదంలోని పుండును చెప్పలేవు. చెప్పులో సెన్సార్ ఉంటేనే పాదం సంగతి తెలుస్తుంది. గడియారం కబురు అందుకునే పలక మాత్రమే.

కష్టాలు కూడ లేకపోలేదు. దూదిపరుపును నొక్కి వదిలితే వెంటనే పూర్వపు ఎత్తుకు రాదు. రబ్బరు సెన్సార్లూ అంతే, కొంత ఆలస్యంగా తేరుకుంటాయి గనుక లెక్క తప్పవచ్చు. చెప్పులో చెమట ఉంటుంది, వేడి ఉంటుంది. రోజుకు వేల అడుగులు పడతాయి. బ్యాటరీకి చార్జింగు పెట్టాలి. పరిశోధనశాలలో బాగా పనిచేసినవన్నీ వరి మళ్ళలో పనిచేయవు.

మాంచెస్టరులో ఏమి జరిగింది?

ఇన్ని ఉన్నా మేలు జరుగుతుందా? 2019లో ఇంగ్లండులోని మాంచెస్టరు పరిశోధకులు దీనికి జవాబు ప్రచురించారు. పాదంలో స్పర్శ పోయి, అంతకు ముందు ఒకసారి పుండు పడి మానిన 58 మంది షుగరు రోగులను తీసుకున్నారు. అందరికీ బూటులో వేసుకునే అట్టలు ఇచ్చారు. ఒక్కొక్క అట్టలో 8 సెన్సార్లు. కొందరికి మాత్రమే గడియారం ద్వారా హెచ్చరిక వచ్చేది. మిగతావారి అట్టలు కొలిచేవి గాని ఏమీ చెప్పేవి కావు.

హెచ్చరిక ఎప్పుడు వస్తుంది? పాదరసం లెక్కలో సుమారు 35 మిల్లీమీటర్ల ఒత్తిడి దాటి ఎడతెగకుండ ఉంటే చర్మంలోని సన్నని రక్తనాళాలు మూసుకొని పోతాయి. ఆ చోటికి రక్తం అందదు. మనమైతే తెలియకుండానే కాలు మార్చుకుంటాము, కదులుతాము. స్పర్శ లేనివాడు అలాగే నిలబడి ఉంటాడు. అటువంటప్పుడు గడియారం, ఫలానా చోట బరువు ఎక్కువైంది, కాస్త నడవండి, లేదా కూర్చోండి అని చెబుతుంది.

18 నెలలు చూశారు. హెచ్చరిక అందుకున్నవారిలో పుండ్లు 71 శాతం తక్కువ పడ్డాయి. రోజుకు నాలుగున్నర గంటలైనా వాటిని వేసుకున్నవారిలో 86 శాతం తక్కువ. ఇది చిన్న పరిశీలన. 58 మందితో అంతా తేలిపోదు. అయినా బ్రాండ్ కన్న కల వట్టిది కాదని దీనివలన తెలిసింది.

ఆ రెండవ లెక్కను మరొకసారి చూడండి. అట్ట అందరికీ ఒకటే, సెన్సార్లు ఒకటే. ఎక్కువసేపు వేసుకున్నవారికి మేలు ఇంకా ఎక్కువ కనిపించింది. కార్విల్‌లో మీట కట్టేసినవారికీ మాంచెస్టరులో అట్ట తీయకుండ వేసుకున్నవారికీ తేడా యంత్రంలో మాత్రమే లేదు. హెచ్చరికను ఎదుర్కొన్న తీరులోనూ ఉన్నది.

నేనూ మీట కట్టేసినవాడనే. షుగరు పరీక్ష చేయించుకొమ్మని ఇంట్లో చెబితే, "ఈ నెల కూడికలు అయిపోనీ" అని మూడు నెలలు జరిపాను. పాదాలు తిమ్మిరి ఎక్కితే ప్రయాణపు అలసట అనుకున్నాను. ఆ పెద్దాయన మంచం పక్క కూర్చున్నాకనే బుద్ధి వచ్చింది.

ఈ రాత్రే చేయదగిన పరీక్ష

సెన్సార్ ఉన్న చెప్పులు మన పల్లె దుకాణాలకు వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఏ ఖర్చూ లేని సెన్సార్ ఒకటి ప్రతి ఇంట్లో ఉన్నది. అది ఇంటివారి వేలికొన. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ ఊరి ఆసుపత్రి వైద్యులు 2011లో వెల్లడించిన పరీక్ష ఇది. ఎవరైనా చేయవచ్చు.

షుగరు ఉన్నవారిని మంచం మీద కాళ్ళు చాపుకొని కళ్ళు మూసుకొమ్మనండి. మీ చూపుడువేలి కొనతో వారి కుడి పాదం బొటనవేలి కొనను ఒకటి రెండు క్షణాలు మెల్లగా తాకండి. ఈక తాకినంత మెల్లగా. నొక్కకూడదు, తట్టకూడదు, గోకకూడదు. తాకినట్లు తెలిసిన వెంటనే కుడి అనో ఎడమ అనో చెప్పమనండి. అలాగే చిటికెన వేలు, నడిమి వేలు కూడ. రెండు పాదాలకు కలిపి ఆరు వేళ్ళు. ఒక్కొక్క వేలిని ఒక్కసారే తాకాలి. తెలియలేదని రెండోసారి గట్టిగా తాకితే పరీక్ష చెడిపోతుంది. ఆరింటిలో రెండు గాని అంతకంటె ఎక్కువ గాని తెలియకపోతే ఆ పాదంలో స్పర్శ తగ్గిందన్న మాట. ఆలస్యం చేయకుండ డాక్టరుకు చూపించండి.

అన్నీ తెలిసినా పాదాలను చూడడం మానకూడదు. ప్రతి రాత్రి దీపం దగ్గర అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడాలి. వంగలేనివారు ఇంటివారిచేత చూపించుకోవాలి. చెప్పులు తొడిగే ముందు బోర్లించి దులిపి, లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. ఇంట్లో గాని పొలంలో గాని ఒట్టి కాళ్ళతో తిరగరాదు. కాళ్ళు కాచుకోవడానికి నిప్పుల దగ్గర పెట్టరాదు. నీళ్ళ వేడిని పాదంతో కాక మోచేతితో చూసుకోవాలి, లేదా ఇంకొకరిచేత చూపించుకోవాలి. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోరాదు. ఒక చోట ఎర్రబడినా, మరొక పాదం కంటె వేడిగా ఉన్నా, బొబ్బ లేచినా నొప్పి కోసం ఎదురు చూడకండి. ఆ నొప్పి రాదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మన ఆరాధన స్థలాల్లో చెప్పులు బయట విడిచి లోపలికి వస్తాము. అది మంచి అలవాటే. అయితే ఎండాకాలంలో వాకిట్లోని బండలు కాగి ఉంటాయి. స్పర్శ లేని పాదం ఆ బండల మీద కాలినా తెలియదు. వాకిట్లో గోనెపట్టా పరిచి, చెప్పులు గుమ్మం దాకా తెచ్చుకోనివ్వండి. దీనికి కమిటీ తీర్మానం కూడ అక్కర లేదు.

పెద్దాయన జవాబు

మొన్న మళ్ళీ టోలిచౌకి వెళ్ళాను. పెద్దాయన మెత్తని చెప్పులు తొడుక్కొని వరండాలో కూర్చుని ఉన్నాడు. పుండు మానింది. వేలు లేని లోటు నడకలో కొంచెం కనిపిస్తున్నది. వేలు పోయిన పాదంలో బరువు మిగతా చోట్ల ఎక్కువ పడుతుంది గనుక జాగ్రత్త మరింత కావాలని డాక్టరు చెప్పారట. మనుమడు తన కాలేజీలో స్నేహితులతో కలిసి చెప్పుకు సెన్సార్ అమర్చే ప్రయత్నం చేస్తున్నాడు. ఇంకా సరిగా కుదరలేదు. నిలబడ్డా, కూర్చున్నా ఒకే మాదిరిగా మోగుతున్నదని నవ్వుతూ చెప్పాడు.

"ఇప్పుడెవరు కాపలా కాస్తున్నారు?" అని అడిగాను.

కోడలు దీపం తెచ్చి, ఆయన ముందు పీట వేసుకొని కూర్చుంది. ఒక్కొక్క వేలూ విడదీసి చూసింది. కళ్ళు మూసుకొమ్మని చెప్పి వేలికొనతో తాకింది.

"కుడి" అన్నాడాయన. కొంచెం ఆగి మళ్ళీ "కుడి" అన్నాడు. తరువాత మూడుసార్లు ఆమె తాకినా ఏమీ అనలేదు. చివరిసారి మాత్రం "ఎడమ" అన్నాడు.

కళ్ళు తెరిచి, "ఎన్ని తప్పినయి బిడ్డా?" అని అడిగాడు.

"మూడు తప్పినయి మామా. మొన్నటి లెక్కనే. రేపు మళ్ళ డాక్టరు తాన పోవాలె, యాదికున్నదా?"

"పోదాం. నువ్వు చెప్తే వింటున్న గద!" అని నా వైపు చూసి తల ఊపాడు.

నేను కూడ అక్కడే చెప్పులు విప్పి, ఆ పీట దగ్గరకు నా పాదాలు జరిపాను.